ఏ కంపెనీ ఒప్పుకోని మామగారు

మా మామగారు కారు నడిపే తీరు మీద మా ఊళ్ళో రెండు అభిప్రాయాలు ఉండేవి కావు. ఉన్నది ఒక్కటే. దాన్ని ఆయన ఎదుట ఎవరూ చెప్పేవారు కారు.

గణపవరానికి దగ్గర్లో, కాలవ పక్కన మా ఊరు. నేను కాపురానికి వచ్చిన ఏడే ఆయన ఏలూరులో ఒక ప్లీడరుగారి దగ్గర పాత కారు కొన్నారు. పైన గుడ్డ టాపు, ముందు హ్యాండిలు పట్టుకుని తిప్పితే గానీ పలకని ఇంజను, చేతికి అందేటట్టు ఒక రబ్బరు బూరా. కళ్ళు సరిగా కనపడడం లేదని ప్లీడరుగారు అమ్ముకున్నారు. మా మామగారికి కళ్ళు బాగానే కనపడేవి. కనపడినదాన్ని లెక్కచెయ్యడమే ఆయనకు అలవాటు లేదు.

అప్పటికి ఆయన యాభై దాటిన మనిషి. మాగాణి బాగా ఉన్నవారు, పదిమందికి పెట్టే చెయ్యి. ఊళ్ళో ఆయన నడిచి వస్తూంటే ఎదురొచ్చేవాళ్ళు పక్కకు తప్పుకునేవారు. కారెక్కినా అలాగే తప్పుకుంటారని ఆయన అనుకున్నారు. మా ఊళ్ళో తప్పుకున్నారు కూడాను. చిక్కల్లా పొలిమేర దాటాకనే వచ్చింది. బూరా ఉండగా మళ్ళీ బ్రేకు ఎందుకని ఆయన వాదన. ఒక పనికి ఇద్దరు మనుషుల్ని పెట్టుకోవడంలాంటిది అది ఆయన దృష్టిలో.

మొదటి కేసు తాడేపల్లిగూడెంలో. రైలు గేటు మూస్తున్నారు. ఒక రెక్క అప్పటికే అడ్డం పడింది, రెండోది సగంలో ఉంది. ఆ సగంలోంచి పట్టేస్తానని ఆయన లెక్క. పట్టలేదు. గేటు రెక్క విరిగింది, కారు దీపం ఒకటి ఊడిపోయింది, రైలు బయట సిగ్నలు దగ్గర నిలబడిపోయింది. జుల్మానా కట్టి ఇంటికొచ్చి భోజనం దగ్గర, "ఆ గేటు కర్ర లోపలంతా పుచ్చిపోయి ఉందే. ఇన్నాళ్ళూ ఎవరూ చూసుకోలేదు," అన్నారు మా అత్తగారితో. రైల్వేవారికి ఏదో ఉపకారం చేసి వచ్చిన ధోరణి.

రెండోది ఏలూరులో. ఏదో శిస్తు వ్యవహారం మీద కచేరీకి వెళ్ళి తిరిగి వస్తూ, బజారు మలుపులో ఒక జట్కాను గుద్దారు. అదృష్టం కొద్దీ అందులో బేరం ఎక్కలేదు. తోలే సాయిబు ఒక్కడే ఉన్నాడు. జట్కా పల్టీకొట్టింది, చక్రం ఊడి కాలవలో పడింది, సాయిబు కాలు విరిగింది. గుర్రం మాత్రం పగ్గాలు తెంపుకుని నాలుగడుగులు నడిచి, పక్కనున్న గంపలో తోటకూర తింటూ నిలబడిందట.

మామగారు చెడ్డవారు కారు. వెంటనే దిగి, ఆ మనిషిని తన చేతులతో ఎత్తి ఆస్పత్రికి తీసుకుపోబోయారు. సాయిబు రెండు చేతులూ జోడించాడట.

"బాబుగారూ, మంచం మీద వేసి మోయించండి. దయచేసి ఆ కార్లో మాత్రం ఎక్కించకండి."

కోర్టుకు మావారు కూడా వెళ్ళారు. తండ్రి ముందు నోరు విప్పే అలవాటు మావారికి లేదు గానీ, నా దగ్గర అంతా పూసగుచ్చినట్టు చెప్పేవారు. మేజిస్ట్రేటు కుర్రవాడట. "తమరు బ్రేకు వెయ్యలేదాండీ?" అని అడిగాడట. "బూరా కొట్టానండి," అన్నారట మామగారు, ఇంకేం కావాలన్నట్టు. మేజిస్ట్రేటు కాసేపు ఆయన వంక చూసి, జుల్మానా వేసి, సాయిబుకు నష్టపరిహారం ఇమ్మని చెప్పి, మళ్ళీ పంట చేతికొచ్చేదాకా లైసెన్సు ఆపేశాడు. ఈసారి ఇలా జరిగితే జైలేనని కూడా అన్నాడు. ఇంటికొచ్చి మామగారు మాకు చెప్పింది ఒక్క ముక్కే. "మేజిస్ట్రేటు చాలా మర్యాదస్థుడు. చివరిదాకా నన్ను అండీ అనే పిలిచాడు."

ఆ నష్టపరిహారం కోసం కాలవ కింద మంచి పొలం చెక్క ఒకటి అమ్మవలసి వచ్చింది. మర్నాడు మా అత్తగారు బస్తా బియ్యం బండిలో వేయించుకుని, నన్ను వెంటబెట్టుకుని, ఏలూరులో సాయిబుగారి ఇంటికి వెళ్ళారు. వాళ్ళింట్లో ఆడవాళ్ళు తివాచీలు నేస్తారు. ముందు గదినిండా మగ్గమే. దాని మీద ఎర్రటి తివాచీ సగం నేసి ఉంది. పక్కన నులకమంచం మీద కాలికి బద్దలు కట్టుకుని ఆయన పడుకుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేవబోయాడు. మా అత్తగారు వద్దన్నారు. ఆయన భార్య పనాపి వచ్చి మాకు పీటలు వేసింది. ఒక్క నిష్ఠూరం ఆడలేదు. "ఆ కారు ఇంకా ఉందాండీ?" అని మాత్రం అడిగింది.

మా అత్తగారు ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, మామగారు కూర్చున్న వసారాలోకి వెళ్ళి నిలబడ్డారు.

"ఏవండీ, కార్లకి ఏదో ఇన్సూరెన్సు ఉంటుందటగా. మనం ఎవరినన్నా గుద్దితే కంపెనీవాళ్ళు ఇచ్చుకుంటారట."

"ఉంటుంది. పట్నాల్లో వాళ్ళు కట్టుకుంటారు."

"మనమూ కట్టుకుందాం. అది లేకుండా ఆ చక్రం ఒక్క బెత్తెడు కదిలినా నేను ముదినేపల్లి వెళ్ళిపోతాను." ముదినేపల్లి ఆవిడ పుట్టిల్లు.

"అంటే, నేను మళ్ళీ ఎవరినో గుద్దుతాననా నీ ఉద్దేశం?"

"గుద్దరనే ఉద్దేశమైతే ఇన్సూరెన్సు ఎందుకండీ?"

మర్నాడే ఆయన ఏలూరులో ఒక ఇన్సూరెన్సు ఏజెంటుకు కబురు పంపించారు.

ఏజెంటు సన్నగా, పొడుగ్గా, ఎండలో కూడా కోటు విప్పని మనిషి. అంతవరకూ జీవిత బీమాలే చేసేవాడట. మాటంటే తేనె. కుర్చీ అంచున కూర్చుని, కారు వయసు, రంగు, టాపు సంగతి అన్నీ అడిగాక, ఇంకా మెత్తగా, "ఇదివరకు ఏమన్నా చిన్న చిన్న కేసుల్లాంటివి..." అంటూ ఆగాడు.

"రెండే," అన్నారు మామగారు.

ఆయన దృష్టిలో అది తక్కువే.

కొన్నాళ్ళకు మద్రాసు కంపెనీ నుంచి ఇంగ్లీషు ఉత్తరం వచ్చింది. నేను పెళ్ళికి ముందు ఏలూరులో మిషన్ బడిలో చదువుకున్నాను. ఆ వేళ మావారు పొలంలో ఉన్నారు. ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగినది నేనొక్కర్తెనే. మామగారి ఎదుటికి వచ్చి మాట్లాడే ఆచారం మాకు లేదు. ఉత్తరం లోపలికి పంపించారు. నేను తలుపు చాటున నిలబడి చదివాను. ఇంతటి ప్రమాదాన్ని మేం నెత్తిన వేసుకోలేము అన్నది దాని సారాంశం. ప్రమాదం అంటే కారు కాదు, మామగారే. అది ఆయనకు ఎలా చెప్పాలో తెలియక కాసేపు ఉత్తరం మడతలు సరిచేస్తూ ఉండిపోయాను.

"ఏమన్నారమ్మాయీ?"

"తమవంటి పెద్దల భారం మోసే శక్తి వాళ్ళకు లేదటండి, మామయ్యగారూ."

ఆయన తృప్తిగా తలూపారు. "చిన్న కంపెనీ అయివుంటుంది. పెద్దదానికి రాయమను."

పెద్ద కంపెనీ మొహమాటపడలేదు. రెండుసార్లు శిక్షపడిన మనిషి రోడ్డు మీదకు రాకుండా ఉండడమే అందరికీ క్షేమమని రాశారు. నేను తలుపు చాటునుంచి, "తమరు ఇంటిపట్టునే ఉంటే బాగుంటుందని వాళ్ళ అభిప్రాయమటండి," అన్నాను. ఈసారి ఆయనకు అర్థమైంది. లోపల వంటింట్లో మా అత్తగారు మజ్జిగ చిలుకుతున్న చప్పుడు మాత్రం వినపడుతోంది.

పుట్టి బుద్ధెరిగాక ఆయన్ని కాదన్నవాళ్ళు లేరు. పిల్లనిస్తామని వచ్చారు, పొలం కొనమని వచ్చారు, పంచాయితీ చెప్పమని వచ్చారు. ఇప్పుడు ఎక్కడో మద్రాసులో మొహం కూడా చూడనివాళ్ళు, నువ్వు మాకు వద్దు అంటున్నారు. అంతటితో కారు సంగతి వెనకబడి, పరువు సంగతి ముందుకొచ్చింది. మునసబుగారి దగ్గరకు వెళ్ళి తాను తగువులమారిని కానని రాయించుకున్నారు. హైస్కూలు హెడ్మాస్టరుగారి చేత సత్ప్రవర్తన కలవాడనని రాయించుకున్నారు. ఎల్.ఎం.పి. డాక్టరుగారి చేత తాగుడు అలవాటు లేదనీ, రక్తం శుభ్రంగా ఉందనీ రాయించుకున్నారు. అవన్నీ కట్టకట్టి ఏజెంటు చేతికి ఇచ్చారు.

ఏజెంటు ఈసారి బత్తాయిలు తెచ్చాడు. అది చూడగానే మా అత్తగారు, "పని కాలేదు," అన్నారు నాతో.

"తమరి గుణగణాలకు కంపెనీవారు చాలా సంతోషించారండి," అన్నాడతను. "తమరి జీవితానికైతే ఈ నిమిషమే బీమా ఇస్తామన్నారు. కారుకు మాత్రం..."

"అంటే నా ప్రాణం మీద వాళ్ళకు నమ్మకం ఉందన్నమాట."

"తమరి ప్రాణం మీద ఉందండి," అన్నాడు ఏజెంటు, నేల చూస్తూ. "ఎదుటివాళ్ళ ప్రాణం మీదే లేదండి."

ఇంతలో పంట ఇంటికొచ్చింది, లైసెన్సూ తిరిగి వచ్చింది. ఇన్సూరెన్సు లేక కారు కొట్టంలోనే ఉంది. దాని పక్కన గడ్డివాము వేశారు. కోడిపెట్ట ఒకటి వెనక సీటు మీద పొదిగింది. చివరకు ఏజెంటు మూడో కంపెనీని పట్టాడు. కొత్త కంపెనీ, ఖాతాదారులు ఎక్కువమంది లేనివాళ్ళు. కాగితాలు మాకొద్దు, మా ఇన్స్పెక్టరు వచ్చి మీ పక్కన కూర్చుంటాడు, మీరెలా నడుపుతారో చూసి చెబుతాడు అన్నారు.

ఇన్స్పెక్టరు బెజవాడ నుంచి వచ్చాడు. బొద్దుగా, నవ్వుమొహంతో ఉన్నాడు. ఈయన చరిత్ర అతనికి ఎవరూ సరిగా చెప్పలేదని ఆ నవ్వు చూస్తేనే తెలిసిపోయింది. మా ఊరినుంచి తాడేపల్లిగూడెం దాకా వెళ్ళి రావాలని అనుకున్నారు. కోడలు ఎక్కితే ఆయన జోరుగా పోనివ్వరని మా అత్తగారు నన్ను కూడా వెనక సీట్లో కూర్చోబెట్టుకున్నారు. కోడిపెట్టను అప్పటికి దింపించారు.

ఆ వేళ మామగారు నడిపినట్టు ఎవరూ నడిపి ఉండరు. పెళ్ళిపల్లకీ కూడా అంత నెమ్మదిగా పోదు. ఎదురుగా ఎద్దుబండి వస్తే అల్లంత దూరాన పక్కకు తీసి, అది దాటిపోయేదాకా మర్యాదగా కూర్చున్నారు. సైకిలువాళ్ళు మమ్మల్ని దాటిపోయి వెనక్కి తిరిగి చూశారు. ఇన్స్పెక్టరు ఒకటి రెండుసార్లు ఆవలించాడు. మా అత్తగారు నా చెయ్యి నొక్కారు.

సగం దారిలో కాలవలోంచి బాతుల మంద రోడ్డెక్కింది. కోతలయ్యాక కొల్లేటి లంకల్లోవాళ్ళు బాతుల్ని మేపుకుంటూ మా చేలకు వస్తారు. పొడుగాటి కర్ర పట్టుకుని ఒక మనిషి వెనకాల నడుస్తున్నాడు. బాతులకు తొందరేముంది. ఒకదాని వెనక ఒకటి ఊగుకుంటూ దాటుతున్నాయి. మామగారి చెయ్యి బూరా మీదకు వెళ్ళింది. పక్కన ఇన్స్పెక్టరు ఉన్నాడని గుర్తొచ్చి వెనక్కి వచ్చింది. ఆయన బ్రేకు తొక్కారు. కారు ఆగింది. ఆ కారు కొన్నాక అది రోడ్డు మధ్య ఒకరికోసం ఆగడం అదే మొదలు.

ఆగిన కారు వెనక ఏముంటుందో ఆయన ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ వేళ గణపవరం బస్సు ఉంది.

పెద్ద దెబ్బ కాదు గానీ, మేమందరం వెనక్కి ఊగి ముందుకు విసురుకుపోయాం. ఇన్స్పెక్టరు నుదురు అద్దానికి తగిలింది. మా అత్తగారు ముందు సీటును చేత్తో పట్టుకుని ఆగబోయారు. గాజులు చిట్లి మణికట్టులో గుచ్చుకున్నాయి. బాతులు మాత్రం తలలైనా తిప్పకుండా దాటిపోయాయి.

మామగారు వెనక్కి తిరిగి చూశారు. మా అత్తగారి చేతినుంచి నెత్తురు కారి చీర మీద పడుతోంది. ఆవిడ దానికి పైట చెంగు చుట్టుకుంటున్నారు. ఆయన మొహంలో ఆ రంగు నేను అంతకు ముందు చూడలేదు. ఎదుటివాళ్ళను గుద్దిన మనిషే గానీ, ఆయన్ని ఎవరూ గుద్దలేదు అప్పటిదాకా. దిగి గబగబా బస్సు దగ్గరకు నడిచారు. డ్రైవరు అప్పటికే దిగి, మొహం వేలాడేసుకుని నిలబడ్డాడు.

"కళ్ళు కనపడడం లేదా నీకు? మనుషులున్నారయ్యా ఇందులో."

"బూరా కొట్టానండి, బాబుగారూ."

మామగారు ఇంకా ఏదో అనబోయి ఆగిపోయారు. ఆ డ్రైవరు వంకే చూస్తూ నిలబడ్డారు. అతను తిడతారని ఎదురుచూశాడు, పాపం. ఈయన తిట్టలేదు. వెనక్కి వచ్చి కారు మెట్టు మీద కూర్చున్నారు.

బాతుల మనిషి మంద మొత్తం దాటించుకుని దగ్గరకు వచ్చాడు. "ఈ రోడ్డున నాకోసం ఆగిన కారు మీదొక్కటేనండి బాబూ," అన్నాడు. కారు నడపడం మొదలుపెట్టాక ఆయనకు దొరికిన మొదటి మెప్పు అది. అప్పుడు వినే స్థితిలో ఆయన లేరు.

ఇన్స్పెక్టరు నుదుటికి తడిగుడ్డ కట్టుకుని, కొబ్బరినీళ్ళు తాగి, తప్పు బస్సువాడిదేనని తేల్చాడు. "మీరు ఆపిన పద్ధతి చాలా బాగుందండి," అని కూడా అన్నాడు. ఇంతకాలం తప్పు చేసి కంపెనీలు కాదన్న మనిషికి, ఏ తప్పూ లేకుండా దెబ్బ తిన్నందుకు ఇన్సూరెన్సు వచ్చింది. మామూలు రేటుకు రెండింతలు కట్టమన్నారు. పాత కేసుల సంగతి చూసి దానికి తోడు ఒక షరతు పెట్టారు. కారు ఆయనదే, కూర్చునేదీ ఆయనే, కాని నడపవలసింది మాత్రం లైసెన్సున్న వేరే డ్రైవరు. ఆయన స్టీరింగు ముట్టుకుంటే ఇన్సూరెన్సు చెల్లదు.

ఇలాంటి షరతుకు ఇల్లు ఎగిరిపోతుందనుకున్నాం. "సరే," అన్నారాయన. మా అత్తగారు విని, ఆయనకు జ్వరమేమోనని నుదురు పట్టుకుని చూశారు.

డ్రైవరు దొరకడం కష్టమైంది. తాడేపల్లిగూడెంలో అడిగితే ఎవరి కారు అని అడిగేవారు. చెప్పగానే వేరే పని ఉందనేవారు. అప్పుడు మా అత్తగారే అన్నారు, జట్కా సాయిబు కాలు బాగైందనీ, గుర్రాన్ని అమ్మేసి బావమరిది మోటారు షెడ్డులో పని నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నాడనీ. ఆవిడ బియ్యం తీసుకుని వెళ్ళడం మానలేదు, అందువల్ల ఆవిడకు తెలుసు.

మామగారు కొట్టంలో ఉన్న కారు వైపు చూశారు. "వస్తాడంటావా?"

"అడిగితే కదండీ తెలిసేది."

వచ్చాడు. కాలు కొంచెం ఈడ్చేవాడు. మామగారు అలవాటు చొప్పున ముందు తలుపు తీయబోతే, వెనక తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు.

"మీరు వెనక కూర్చోండి, బాబుగారూ. మిమ్మల్ని ముందునుంచి ఒకసారి చూశానండి. నాకది చాలండి."

మా అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు.

సాయిబు కారును గుర్రంలాగే చూసుకునేవాడు. కల్వర్టు వచ్చేముందు నెమ్మది చేసి, దాటాక బానెట్టు మీద చెయ్యివేసి వేడి చూసేవాడు. బయలుదేరేటప్పుడు నాలికతో టక్కుమని చప్పుడు చేసేవాడు. మొదట్లో మామగారు వెనకనుంచి, "దాటు, దాటు, ఎద్దుబండేగా," అంటూ ఉండేవారు. అతను "చిత్తమండి" అని దాటేవాడు కాదు. పోనుపోను ఆయనకూ అలవాటైంది. వెనక కూర్చుని పేపరు చదివేవారు. ఎదురుగా ఏ బస్సో జోరుగా వస్తే కళ్ళద్దాలు తీసి చూసి, "వీళ్ళకు లైసెన్సులు ఎవరిస్తారయ్యా," అనేవారు. అలాంటి బస్సుల మీద జిల్లా బోర్డుకు ఒక అర్జీ కూడా పెట్టారు. ఇంగ్లీషులో రాసినది నేనే. తలుపు చాటునుంచి ఆయన చెప్పింది రాసుకుంటూ, నవ్వు ఆపుకోలేక రెండుసార్లు కాగితం పాడుచేశాను.

అలా కొన్ని పంటలు గడిచాయి. కారు ఎవరికీ తగల్లేదు. కంపెనీకి కట్టడమే గానీ, కంపెనీ ఒక్కసారైనా ఇచ్చే అవసరం రాలేదు. "ఇన్నేళ్ళూ ఊరికే పోసినట్టేగా," అని మామగారు సణిగేవారు. "అయితే వెళ్ళి ఒకరిని గుద్ది రండి, వసూలవుతుంది," అనేవారు మా అత్తగారు, చేటలో బియ్యం చెరుగుతూ.

ఒకనాడు ఏజెంటు మళ్ళీ వచ్చాడు. ఈసారి చేతిలో పళ్ళు లేవు, మొహం నిండా నవ్వు ఉంది.

"శుభవార్తండి. ఇన్నాళ్ళూ ఏ కేసూ లేదు కాబట్టి కంపెనీవారు తమర్ని మంచి ఖాతాలో వేశారండి. రేటు తగ్గించారు. షరతు తీసేశారు. రేపటినుంచి తమరే నడుపుకోవచ్చండి."

సాయిబు కారు తుడుస్తున్న గుడ్డ ఆపి చూశాడు. అతనికి తన ఉద్యోగం సంగతి గుర్తొచ్చి ఉంటుంది. మా అత్తగారు గుమ్మం పట్టుకుని నిలబడ్డారు. గాజులు గుచ్చుకున్న ఆ మణికట్టు మీద సన్నటి మచ్చ అప్పటికీ ఉండేది.

మామగారు లేచి కారు దగ్గరకు నడిచారు. ముందు తలుపు తీసి, స్టీరింగు వెనక కూర్చున్నారు. చక్రం మీద రెండు చేతులూ వేశారు. సాయిబు హ్యాండిలు తిప్పడానికి ముందుకు వెళ్ళాడు. ఆయన వద్దన్నట్టు చెయ్యి ఊపారు. అలాగే కొంతసేపు కూర్చుని ఎదురుగా ఖాళీగా ఉన్న వీధిని చూశారు. తర్వాత దిగి, పంచె దులుపుకుని వచ్చారు.

"ఏవండీ ఏజెంటుగారూ, ఆ షరతు అలాగే ఉండనివ్వమని రాయండి."

ఏజెంటుకు అర్థం కాలేదు. "తీసేశారండి. ఇంక అక్కర్లేదండి."

"వాళ్ళకు అక్కర్లేదు. నాకు కావాలి."

"అలా ఎవరూ అడగరండి. షరతు ఉంటే మళ్ళీ పాత ఖాతానేనండి, రేటు కూడా పెరుగుతుందండి."

"పెరగనివ్వండి."

మూడు కంపెనీల వెంట నన్ను నమ్మండి, నన్ను నమ్మండి అని తిరిగిన మనిషి, తీరా ఒకరు నమ్మితే వద్దనడం ఏజెంటు తన ఉద్యోగంలో ఎప్పుడూ చూడని వింత. ఇది ఇంగ్లీషులో ఎలా రాయాలో తెలియడం లేదని నా వైపు, అంటే తలుపు వైపు చూశాడు. నేనే రాసి ఇచ్చాను. కంపెనీవాళ్ళు ఏమనుకున్నారో గానీ, ఒప్పుకున్నారు.

మర్నాడు తాడేపల్లిగూడెం బెల్లం కొట్టుకు పని మీద బయలుదేరారు. సాయిబు వెనక తలుపు తీశాడు. ఆయన ఎక్కి, పేపరు విప్పుకుని, "ఇవాళ కాస్త తొందరగా పోనియ్యి, కొట్టు మూసేస్తాడు," అన్నారు.

"అలాగేనండి, బాబుగారూ," అన్నాడు సాయిబు. నాలికతో టక్కుమనిపించి, ఎప్పుడూ పోయే జోరుతోనే కారును వీధి చివరకు పోనిచ్చాడు.